పత్రిక యజమానికి ఇంకో వ్యాపారం ఉండవచ్చా?

చెరువుకట్ట, అనంతపురం

ఏళ్లుగా మార్చి మొదటి వారంలో జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి, పత్రికల లోపలి పేజీల్లో ఒక చిన్న గడి కోసం వెతకడం నాకు అలవాటు. టెండరు ప్రకటనలకూ పేరు మార్పు ప్రకటనలకూ మధ్య ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. 1956 నాటి నిబంధనల ప్రకారం, ఫిబ్రవరి ముగిశాక వచ్చే మొదటి సంచికలో ప్రతి పత్రికా వేయవలసిన నాలుగో నంబరు ఫారం అది. ప్రచురించే చోటు, ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు, వాళ్ల చిరునామాలు వరుసగా ఉంటాయి. అసలు సంగతి చివర్లో ఉంటుంది: పత్రిక ఎవరిది, పెట్టుబడిలో ఒక శాతానికి మించి వాటా ఎవరెవరికి ఉంది.

అక్షరాలు ఆవగింజలంత. ఒక ఏడాది పక్కన కూర్చున్న పెద్దాయనను అడిగి భూతద్దం తీసుకుని చదివాను. చివర్లో మనిషి పేరే లేదు. ఒక కంపెనీ పేరు, దాని కింద ఇంకో రెండు కంపెనీల పేర్లు, మూడింటికీ హైదరాబాదులో ఒకే భవనం చిరునామా. భూతద్దం తిరిగి ఇచ్చేస్తుంటే ఆయన "దొరికిందా?" అని అడిగారు. దొరకలేదనే చెప్పాను.

నేను ఇరవై తొమ్మిదేళ్లు బ్యాంకులో అప్పుల విభాగంలో పని చేసి రిటైరయ్యాను. ట్రాక్టరు అప్పుకు వచ్చిన రైతును పట్టాదారు పాసుపుస్తకం అడిగాం, అడంగల్ అడిగాం, ఊళ్లో ఉన్న మిగతా బ్యాంకులన్నీ తిరిగి బాకీ లేదని కాగితాలు తెమ్మన్నాం. నాలుగు లక్షల అప్పుకు అంత విచారణ. రోజూ పొద్దున్నే నా నమ్మకాన్ని అప్పుగా తీసుకుపోయే పత్రికను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఆ యజమానికి సిమెంటు ఫ్యాక్టరీ ఉందా, రోడ్ల కాంట్రాక్టు ఉందా, సోలార్ భూములున్నాయా, ఎవరికి బాకీ ఉన్నాడు? అవన్నీ తెలియకుండానే ఆ పత్రికలో సిమెంటు ధర గురించీ, రోడ్డు నాణ్యత గురించీ, భూసేకరణ గురించీ చదువుతున్నాను.

నా వాదన సూటిగా చెబుతాను. వార్తల కంపెనీ నడిపేవారికి ప్రభుత్వంతో ముడిపడిన మరో వ్యాపారం ఉండకూడదు. ఉంటే రెండింటిలో ఒకటి వదులుకోవాలి. ఎవరు ఒప్పుకుంటారు, ఎవరు ఒప్పుకోరు?

నల్లమల, నంద్యాల

సార్, నేను ఒప్పుకోను. కోపం తెచ్చుకోకుండా వినండి.

తెలుగు పత్రికకు పాలు పట్టింది తలనొప్పి మందు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో అమృతాంజనం పెట్టారు. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా పుట్టింది, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. మీ నియమం అప్పట్లో ఉంటే మనకు ఆంధ్రపత్రికే లేదు. ఈనాడు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైంది. రామోజీరావు అంతకు పన్నెండేళ్ల ముందే, 1962లో, మార్గదర్శి చిట్‌ఫండ్ పెట్టారు. అలా ముందు నిలదొక్కుకోబట్టే 1989లో జిల్లాకో అనుబంధం ఇవ్వగలిగారు. మన ఊరి కుళాయి వార్త అచ్చులో చూసుకునే భాగ్యం అప్పటి నుంచే వచ్చింది.

ఇంకో వైపు కూడా చూడండి. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకుడిగా 1960లో విజయవాడలో మొదలైన ఆంధ్రజ్యోతి అంతటి పత్రిక 2000 సంవత్సరం చివర్లో మూతపడింది. అందులోనే విలేకరిగా పనిచేసిన వేమూరి రాధాకృష్ణ 2002లో దాన్ని మళ్లీ తెరవబట్టి బతికింది. ఆంధ్రభూమి అచ్చు 2020లో ఆగిపోయింది. కాపీ అమ్మితే వచ్చే డబ్బు కాగితానికే చాలదు. ఆ కాగితం మీద 2019లో కేంద్రం 10 శాతం కస్టమ్స్ సుంకం వేసి, మరుసటి ఏడాది 5 శాతానికి తగ్గించింది. ఇంకో చోట ఆదాయం ఉన్నవాడే నష్టం భరించగలడు, ప్రభుత్వం ప్రకటనలు ఆపేసినా ఎదురు నిలవగలడు. చేతిలో పత్రిక ఒక్కటే ఉన్నవాడు మొదటి దెబ్బకే పడిపోతాడు.

నాకు చిన్న రైసు మిల్లు ఉంది. నెల జీతాలు ఇవ్వడమంటే ఏమిటో తెలిసినవాడిగా చెబుతున్నాను.

పెన్నగట్టు, తాడిపత్రి

మీరిద్దరూ హైదరాబాదులోని యజమాని గురించి మాట్లాడుతున్నారు. నేను మండలం నుంచి చెబుతాను.

ఏడేళ్లు ఒక దినపత్రికకు కంట్రిబ్యూటరుగా పని చేశాను. పేరు చెప్పను. జీతం లేదు, లైన్ అకౌంటు. అంటే అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే డబ్బు. నెలంతా తిరిగినా బైకు పెట్రోలుకు సరిపోయేది కాదు. దానికి తోడు ప్రకటనల టార్గెట్టు. ఉగాదికి ఇంత, ఆగస్టు 15కు ఇంత, పత్రిక వార్షికోత్సవానికి ఇంత. ఊళ్లో ఎవరి తప్పులు రాయాలో వాళ్ల దగ్గరికే వెళ్లి శుభాకాంక్షల ప్రకటన అడగాలి. మూడోసారి వెళ్లేసరికి వాళ్లు కుర్చీ వేసి కాఫీ తెప్పిస్తారు. ఆ కాఫీ తాగాక ఇక ఏం రాస్తాం?

మా వైపు నాపరాళ్ల పాలిషింగు యూనిట్లు ఎన్నో ఉన్నాయి. బండ కోసినప్పుడు నీళ్లతో కలిసి తెల్లటి ముద్ద వస్తుంది. ఒక యూనిట్ వాళ్లు దాన్ని రాత్రిపూట ట్రాక్టర్లలో తెచ్చి వంక పక్కన పోస్తున్నారు. ఎండితే సిమెంటులా గట్టిపడుతుంది, గాలి వీస్తే పక్క చేలో వేరుశనగ ఆకుల మీద పిండి చల్లినట్టు పడుతుంది. నేను రెండు రాత్రులు కాపు కాసి ఫోటోలు తీశాను. ఒక రైతు ఆకు తెంపి నా అరచేతిలో రుద్ది చూపించాడు. చేయంతా తెల్లబడింది. ముప్పై లైన్లు రాసి పంపాను.

మరునాడు వార్త రాలేదు. ఆ మరునాడూ రాలేదు. డెస్కుకు ఫోను చేస్తే "స్థలం లేదు" అన్నారు. నాలుగో రోజు జిల్లా పేజీలో ఆ యూనిట్ వారి పావు పేజీ ప్రకటన వచ్చింది. దానికి స్థలం ఉంది. నా కమీషన్ నా ఖాతాలో వేశారు, ఎందుకంటే అది నా మండలం ప్రకటన కదా. ఆ డబ్బు తీసుకున్నాను. ఆ నెల మా పాప ఫీజు కట్టాలి. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఇందులో యజమాని ఎక్కడున్నాడు? ఆయన ఫోను చేయలేదు. ఆయనకు మా ఊరి పేరు కూడా తెలిసి ఉండదు. నాలుగో నంబరు ఫారంలో ఎవరి పేరు అచ్చువేసినా నా ముప్పై లైన్లు తిరిగి రావు. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల ప్రచారాన్ని వార్తల ముసుగులో డబ్బుకు అమ్మారని గొడవ లేచినప్పుడు ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాసరెడ్డి, పరంజయ్ గుహ ఠాకుర్తా ఉన్నారు. వారి నివేదిక చదవండి. బేరం కుదిరింది చాలా చోట్ల మాలాంటి వాళ్ల చేతుల మీదుగానే. విలేకరికి జీతం ఇవ్వని పత్రిక ఎవరిదైనా ఒకటే.

తుంగభద్ర, కర్నూలు

పెన్నగట్టు అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. దాని గురించి మళ్లీ మాట్లాడతాను. ముందు చెరువుకట్ట సార్‌కు చట్టం సంగతి చెప్పాలి. నేను న్యాయశాస్త్రం చివరి సంవత్సరం విద్యార్థిని.

సార్, మీరు కోరుతున్న నిషేధాన్ని పత్రికల విషయంలో సుప్రీంకోర్టు నిలబెట్టడం కష్టం. మొదటి ప్రెస్ కమిషన్ 1954లో నివేదిక ఇచ్చాక, పెద్ద పత్రికలు చిన్నవాటిని మింగకుండా ఏ ధరకు ఎన్ని పేజీలు ఇవ్వాలో నిర్ణయించే చట్టం 1956లో తెచ్చారు. సకాల్ అనే మరాఠీ పత్రిక కోర్టుకు వెళ్లింది. 1961లో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. వ్యాపారం చేసుకునే హక్కును ప్రజాప్రయోజనం పేరుతో కట్టడి చేయవచ్చు గానీ, భావప్రకటన హక్కును ఆ పేరుతో కట్టడి చేయడానికి వీల్లేదని, రాజ్యాంగం 19(2) అధికరణలో ఉన్న కారణాలకు మాత్రమే అది కుదురుతుందని చెప్పింది. 1972లో బెనెట్ కోల్‌మన్ కేసులో న్యూస్‌ప్రింట్, అంటే పత్రికల కాగితం మీద పెట్టిన పరిమితులు కూడా అదే దారి పట్టాయి. పత్రికలను ఇతర పరిశ్రమల నుంచి విడదీయాలని రెండో ప్రెస్ కమిషన్ 1982లో సిఫారసు చేసింది. అది ఎన్నడూ చట్టం కాలేదు.

టీవీ సంగతి వేరు. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రజల ఆస్తి వాడుకునేవారికి షరతు పెట్టవచ్చు. రాజకీయ పార్టీలనూ మత సంస్థలనూ ప్రసారాల్లోకి రానీయకూడదని, ఒకే ఇంటి వారికి ఒకే మార్కెట్టులో పత్రికా చానలూ రెండూ మితిమీరి ఉండకుండా హద్దు పెట్టాలని టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014 ఆగస్టులో సిఫారసు చేసింది. అంతకుముందు 2009లోనూ ఇలాంటివే చెప్పింది. 2022లో మళ్లీ చర్చాపత్రం వేసింది. చట్టం మాత్రం రాలేదు.

ఒక్కటి నన్ను ఊరుకోనివ్వదు. విదేశీ వాటాకు మన దగ్గర హద్దు ఉంది: వార్తా పత్రికల్లో 26 శాతం, వార్తా చానళ్లలో 49 శాతం. సింగపూరు సొమ్ము వార్తలను వంకర తిప్పుతుందని భయపడ్డాం. మన ఊరి కాంట్రాక్టరు సొమ్ముకు ఆ భయం ఎందుకు లేదు?

గుత్తికోట, గుత్తి

ఇప్పుడు పత్రిక ఎవరు చదువుతున్నారు సార్? మా ఇంట్లో నాన్న ఒక్కరే. మేమంతా ఫోనులో యూట్యూబ్ చానళ్లు చూస్తాం. మా మండలంలోనే నాలుగు ఉన్నాయి.

పెన్నగట్టు, తాడిపత్రి

తమ్ముడూ, ఆ నాలుగింటినీ ఎవరు నడుపుతున్నారో, కెమెరా ఎవరు కొనిచ్చారో ఒకసారి విచారించు. దినపత్రికకు నాలుగో నంబరు ఫారమైనా ఉంది.

చెరువుకట్ట, అనంతపురం

తుంగభద్ర అమ్మా, కోర్టు సంగతులు వివరంగా చెప్పావు, మనసారా కృతజ్ఞతలు. వాటా కాగితం ఎందుకు చాలదో నా వృత్తి వైపు నుంచి చెబుతాను.

ఎన్డీటీవీ సంగతి తీసుకోండి. ఆ చానల్ స్థాపకులైన రాయ్ దంపతులకు ఆర్ఆర్‌పీఆర్ అనే హోల్డింగ్ కంపెనీ ఉండేది. ఎన్డీటీవీలో దాదాపు 29 శాతం వాటా ఆ కంపెనీ పేరిట ఉంది. ఆ కంపెనీ 2009 ప్రాంతంలో వీసీపీఎల్ అనే మరో కంపెనీ దగ్గర రూ.403.85 కోట్లు వడ్డీ లేని అప్పు తీసుకుంది. బదులుగా, కావలసినప్పుడు వాటాలుగా మార్చుకునే హక్కు పత్రాలు ఇచ్చింది. తరువాత పదమూడేళ్లు వాటాదారుల జాబితాలో ఆర్ఆర్‌పీఆర్ పేరే ఉంది. అబద్ధమేమీ కాదు. 2022 ఆగస్టులో అదానీ గ్రూపు వీసీపీఎల్‌ను కొని ఆ హక్కు వాడుకుంది. తమను అడగనైనా లేదని స్థాపకులు చెప్పారు. ఆ డిసెంబరు ముగిసేసరికి ఎన్డీటీవీలో 64 శాతం పైగా వాటా ఆ గ్రూపుది.

ఇంట్లో యజమాని పడుకుని ఉన్నాడు, ఇంటి తాళం మాత్రం పదమూడేళ్లు వేరేవాడి జేబులో ఉంది. మా బ్యాంకులో ఇలాంటి పత్రం ఎదురైతే మేము రాసుకునే మాట ఒక్కటే: అసలు పట్టు అప్పిచ్చినవాడిది.

మన తెలుగు వైపు కూడా చూడండి. తెలుగు ఈటీవీ రామోజీ గ్రూపుదని అందరికీ తెలుసు. 2014 జనవరిలో టీవీ18 కంపెనీ రూ.2,053 కోట్లకు ఈక్వేటర్ ట్రేడింగ్ అనే కంపెనీని కొన్నది. దాంతో ఈటీవీ హిందీ, ఉర్దూ వార్తా చానళ్లు పూర్తిగా, కన్నడ, మరాఠీ లాంటి వినోద చానళ్లలో సగం, తెలుగు చానళ్లలో 24.5 శాతం దాని చేతికి వచ్చాయి. అదే ఏడాది టీవీ18 మాతృసంస్థ నెట్‌వర్క్18 రిలయన్స్ అధీనంలోకి వెళ్లింది. మా వీధిలో ఈటీవీ చూసేవారిలో ఈ 24.5 సంగతి తెలిసినవారు ఒక్కరైనా ఉన్నారా అని అడిగి చూశాను. లేరు. టీవీ9లోనూ అంతే. 2004లో మొదలైన ఆ చానల్ మాతృసంస్థలో దాదాపు 90 శాతం వాటా 2018లో అలందా మీడియా కొన్నది. 2019 మేలో, తెర మీద ఏళ్ల తరబడి కనిపించిన ముఖం రవిప్రకాశ్ బయటికి వెళ్లాకగానీ, చానల్ చేతులు మారిందని చాలామంది ప్రేక్షకులకు తెలియలేదు. మౌలిక వసతుల పనులూ స్థిరాస్తి వ్యాపారమూ చేసే ఇళ్లు అలందా వెనుక ఉన్నాయి. అది తప్పని అనడం లేదు. ఒక రోడ్డు కుంగిపోయిన వార్త ఆ చానల్‌లో చూస్తున్నప్పుడు నాకు ఆ సంగతి తెలిసి ఉండాలి, అంతే.

ఏడు రోడ్లు, కడప

తెలిస్తే ఏమవుతుందో మా ఊరిని చూసి చెప్పండి.

సాక్షి ఎవరిదో కడపలో చిన్న పిల్లవాడిని అడిగినా చెబుతాడు. జగన్‌మోహన్‌రెడ్డి 2008 మార్చి 24న ఒకేసారి 23 ఎడిషన్లతో మొదలుపెట్టిన పత్రిక. మొదటి రోజు నుంచీ దాపరికం లేదు. అలాగే ఈనాడు, జ్యోతి ఎటువైపు అనేది కూడా అందరికీ తెలుసు, ఫారంలో రాసి లేకపోయినా. ఫలితం ఏమిటి? మా సందులో కుడివైపు ఇళ్లకు ఒక పత్రిక, ఎడమవైపు ఇళ్లకు ఇంకో పత్రిక. ఒకే ధర్నా ఒక ఇంట్లో విజయవంతం, ఎదురింట్లో వెలవెల. పొద్దున్నే రెండు రకాల కట్టలూ వేసే కుర్రవాడు ఒక్కడే. పేరు తెలిసినంత మాత్రాన పాఠకుడు మేలుకుంటాడని మీరు అనుకుంటున్నారు సార్. నాకు కనిపించింది వేరు. పేరు తెలిశాక ఎవరి పత్రిక వాళ్లకు జెండా అయింది.

నేను కేబుల్ పని చేసేవాడిని. మీ జాబితాలో తీగను మరిచిపోయారు. చానల్ ఎవరిదైనా ఇంట్లోకి వచ్చేది మా తీగ మీదే. 2014లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆగాయి. 2019లో మన రాష్ట్రంలో ఏబీఎన్, టీవీ5 వంతు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే టీవీ9, సాక్షి, ఎన్‌టీవీ, 10టీవీ చాలా ఇళ్లలో కనపడకుండా పోయాయి, తగాదా ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. ఎవరి అధికారంలో ఎవరి చానల్ పోయిందో వరుస చూడండి, ఎవరినీ విడిచిపెట్టలేదు. నేను స్తంభం మీద ఉన్నప్పుడు కింద నుంచి ఒక ముసలమ్మ అడిగింది: "నాయనా, నా వార్తలు ఎవరు కట్ చేసినారు?" నేనే చేశాను. పై నుంచి చెప్పారు, చేశాను. చెప్పినవారి పేరు ఏ కాగితం మీదా ఉండదు.

2018లో రిలయన్స్ హాత్‌వే, డెన్ కేబుల్ కంపెనీల్లో ఎక్కువ వాటాలు కొంటున్నట్లు ప్రకటించింది. చానలూ తీగా ఒకే ఇంటివైతే మీ ఫారం ఎన్ని గడులు నింపాలి?

నిర్వాహకులు

పైన పేర్లు వచ్చిన సంస్థల పెట్టుబడులకు సంబంధించిన కేసులు కొన్ని కోర్టుల్లో ఉన్నాయి. వాటి తీర్పులు ఇక్కడ ఇవ్వవద్దు. పార్టీల గొడవగా మార్చిన రెండు వ్యాఖ్యలు తొలగించాం. చర్చ కొనసాగించండి.

నల్లమల, నంద్యాల

పెన్నగట్టు అన్నా, మీ వేరుశనగ ఆకు సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. నేనూ ఏటా ఉగాదికి ప్రకటన ఇచ్చేవాడినే. మా మిల్లు ఊక గురించి ఎవరైనా రాస్తారేమో అన్న ఆలోచన నా మనసులో లేదని ప్రమాణం చేయలేను.

అయినా మాట మార్చుకోను. మీరు చెప్పిన దానిలోనే నా వాదన ఉంది. మిమ్మల్ని ఆపింది యజమాని వేరే వ్యాపారం కాదు, పత్రికకు చాలని ఆదాయం. ఆదాయం చాలనప్పుడు పావు పేజీ ఇచ్చినవాడే యజమాని. అన్నిటికన్నా పెద్ద పావు పేజీ ప్రభుత్వానిది. 2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రతి వాలంటీరుకూ పత్రిక కొనుక్కోమని నెలకు రూ.200 ఇస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అది ఒక పత్రికకు మేలు చేయడానికేనని ఈనాడు ప్రచురణకర్తలు కోర్టుకు వెళ్లారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి, అక్కడి నుంచి విచారణ ఢిల్లీ హైకోర్టుకు మారింది. న్యాయం ఎటున్నదో వదిలేయండి. ఒక ఉత్తర్వుతో లక్షల కాపీల గతి మార్చగలిగిన చేతిని వదిలిపెట్టి, యజమానికి సిమెంటు ఫ్యాక్టరీ ఉందా అని అడగడం చిన్న దొంగను పట్టుకోవడమే.

పెన్నగట్టు, తాడిపత్రి

నల్లమల అన్నా, మీ నిజాయితీకి నమస్కారం. కానీ డబ్బున్నవాడు లేకపోతే పత్రిక లేదనే మాట మన సీమలో కూర్చుని అనకండి. అనంతపురంలో పప్పూరు రామాచార్యులు 1926లో సాధన పత్రిక పెట్టారు. వెనుక ఫ్యాక్టరీ లేదు. ఆయన జైలుకు వెళ్లిన మనిషి. 1928 నవంబరులో నంద్యాలలో చిలుకూరి నారాయణరావు ఈ ప్రాంతానికి రాయలసీమ అని పేరు పెట్టిన కాలంలో సీమ కరవునూ నీటినీ గురించి రాసిన పత్రిక అది. పాత సంచికలను ప్రెస్ అకాడమీ వారు డిజిటల్ చేసి పెట్టారు, చూడండి.

నల్లమల, నంద్యాల

చూశాను, గర్వంగా ఉంది. అది వారపత్రిక అన్నా. ఈరోజు మూడు జిల్లాలకు రోజూ తెల్లవారుజామున కట్టలు చేర్చాలంటే, మీలాంటి వారికి నెల జీతం ఇవ్వాలంటే, ఆచార్యులుగారి త్యాగం ఒక్కటే సరిపోతుందా? విలేకరికి జీతం కావాలని అడిగింది మీరే.

పెన్నగట్టు, తాడిపత్రి

సరిపోదు. అది ఒప్పుకుంటాను. నాకు త్యాగం కాదు, జీతమే కావాలి. కానీ మీరు డబ్బున్న యజమాని కావాలంటున్నారు. నేను పనిచేసిన చోట డబ్బున్న యజమానే ఉన్నాడు. జీతం ఇవ్వలేదు.

తుంగభద్ర, కర్నూలు

అన్నా, మీ గురించి మళ్లీ మాట్లాడతానన్నాను. వర్కింగ్ జర్నలిస్టుల చట్టం 1955 నుంచి 2025 దాకా ఉంది. జర్నలిస్టుల జీతాల మీద మజీఠియా వేతన సంఘం చేసిన సిఫారసులను 2011లో నోటిఫై చేశారు, 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నిలబెట్టింది. లైన్ అకౌంటు మనుషులను ఉద్యోగులుగా చూపకపోవడంతో అవి మండలానికి చేరలేదు. అంటే మీ వార్త ఆగడంలో యజమాని లేడన్నది నేను ఒప్పుకోను. మీకు జీతం వద్దని, టార్గెట్టు పెట్టమని ఎక్కడో ఒక గదిలో నిర్ణయం జరిగింది. ఆ గదిలో ఎవరు కూర్చున్నారో చెప్పేదే యాజమాన్యం కాగితం. ఆయనకు మీ ఊరి పేరు తెలియకపోవచ్చు, మీ ఊరి లెక్క మాత్రం తెలుసు.

చెరువుకట్ట సార్‌కు ఒక ప్రశ్న. కంపెనీల చట్టం 2013లో 90వ సెక్షన్ ఉంది. కంపెనీ వెనుక కంపెనీ ఉన్నా, చివరికి 10 శాతం లాభమో అధికారమో ఉన్న అసలు మనిషిని కంపెనీ నమోదు చేయాలి. కంపెనీ దాఖలు చేసిన కాగితాలను రూ.100 కట్టి ఎవరైనా చూడవచ్చు. కానీ అప్పులు? ఆ కాగితాల్లో దొరుకుతాయా?

చెరువుకట్ట, అనంతపురం

సగం దొరుకుతాయి. అచ్చు యంత్రాన్నో భవనాన్నో తనఖా పెట్టి బ్యాంకు దగ్గర అప్పు తీసుకుంటే, ఆ తనఖాను కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించాలి. దానిని ఛార్జ్ అంటాం. ఎవరు ఇచ్చారో, ఎంతకో, ఎప్పుడు తీరిందో కనిపిస్తుంది. నా చేత్తో అలాంటి ఫారాలు ఎన్నో నింపించాను. తనఖా లేని అప్పు, స్నేహితుడి కంపెనీ చేబదులుగా ఇచ్చిన అప్పు అక్కడ కనపడదు. బ్యాలెన్స్ షీట్ చివరి నోట్లలో ఒక్క అంకెగా, చాలాసార్లు ఇచ్చినవారి పేరు లేకుండా ఉంటుంది. ఎన్డీటీవీ విషయంలో తాళం మారింది అలాంటి అప్పుతోనే.

అందుకే మొదట చెప్పిన మాటను కొంత మార్చుకుంటున్నాను. నల్లమలగారి అమృతాంజనం నా నోరు మూయించింది. పత్రిక పెట్టేవాడికి మరో వ్యాపారమే ఉండకూడదని ఇక అనను. అమృతాంజనం డబ్బా కొనాలా వద్దా అని ఏ ప్రభుత్వమూ నిర్ణయించలేదు కాబట్టి దానికీ రోడ్డు కాంట్రాక్టుకూ తేడా మాత్రం ఉంది. టీవీ విషయంలో నా పట్టు వదలను. ప్రభుత్వ పనుల టెండరు వేసే ఇంటికి వార్తా చానల్‌లో నియంత్రణ వాటా ఉండకూడదు. తరంగం ప్రజలది అయినప్పుడు ఆ షరతు పెట్టే హక్కు ప్రజలదే.

పత్రిక విషయంలో అడిగేది ఇది. మార్చి గడిలో వాటాదారుల పేర్లతో పాటు అప్పిచ్చినవారి పేర్లు కూడా వేయాలి, వాటాగా మార్చుకునే హక్కు ఉంటే అదీ రాయాలి. ఏడాదిలో ప్రభుత్వ ప్రకటనల మీద వచ్చిన మొత్తం అంకె వేయాలి. కంట్రిబ్యూటర్లకు ఇచ్చిన మొత్తం దాని పక్కనే వేయాలి. ఆ మూడూ పక్కపక్కన అచ్చయితే, పెన్నగట్టుగారి ముప్పై లైన్లు ఎక్కడ ఆగాయో భూతద్దం లేకుండా కనిపిస్తుంది.

ఏడు రోడ్లు తమ్ముడి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తెలిసినా జెండాగానే పట్టుకునేవాడిని ఏ గడీ మార్చలేదు. కానీ మీ ముసలమ్మ "ఎవరు కట్ చేసినారు" అని అడిగింది కదా. ఆమెకు పేరు కావాలి. అడిగినవారికి పేరు ఇవ్వాలి.

నల్లమల, నంద్యాల

అప్పుల పేర్లు వేయమంటే నాలాంటి వ్యాపారి ఎవరూ పత్రిక జోలికే రాడు సార్. పోటీదారులకు నా బలహీనత అచ్చువేసి ఇచ్చినట్టే. దీని మీద నేను మీతో కలవను. ప్రభుత్వ ప్రకటనల అంకెకు మాత్రం రెండు చేతులూ ఎత్తుతాను.

ఏడు రోడ్లు, కడప

తీగ ఎవరిదో కూడా కలపండి. నెల బిల్లు మీద వేస్తే చాలు, ఇంటింటికీ ఇచ్చేది నేనే.

తుంగభద్ర, కర్నూలు

సార్, 1956 నాటి నిబంధనలు పాత 1867 చట్టం కిందివి. 2024 మార్చి 1 నుంచి దాని స్థానంలో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. మనం అడగదలచుకుంటే కొత్త చట్టం భాషలో అడగాలి. అంతకుముందు పాత గడులు వరుసగా చేతిలో ఉండాలి. ఒకే పత్రికలో ఏ ఏడాది ఏ పేరు పోయి ఏ పేరు వచ్చిందో చూపిస్తే, ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది.

చెరువుకట్ట, అనంతపురం

నేను అనుకున్నదీ అదే. వచ్చే శనివారం పొద్దున పది గంటలకు జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఉంటాను. పాత మార్చి సంచికల కట్టలు చూపమని లైబ్రేరియన్‌ను అడిగి పెట్టాను. 2008 నుంచి 2023 దాకా, ఐదు పత్రికలు. కొన్ని ఏళ్ల కట్టలు చెదలు తిన్నాయట. ఎవరి ఇంట్లో పాత సంచికలు ఉన్నా తీసుకురండి.

పెన్నగట్టు, తాడిపత్రి

మొదటి బస్సుకు వస్తాను. నా దగ్గర 2011 నుంచి 2017 దాకా జిల్లా పేజీలు ఉన్నాయి, నా వార్తలు వచ్చినవన్నీ దాచుకున్నాను. పాలిషింగు యూనిట్ వారి పావు పేజీ కూడా ఉంది. ఆ రాత్రి తీసిన ఫోటోలు తెస్తున్నాను.

చెరువుకట్ట, అనంతపురం

తీసుకురండి. భూతద్దం ఈసారి నేను కొన్నాను.